చర్మపు ఫ్లాపుల్లో సిరల రక్త ప్రవాహం: జంతు ప్రయోగాల చరిత్ర

ప్రమాదంలోనో కాన్సర్ ఆపరేషన్‌లోనో చర్మం పోయిన చోట కప్పడానికి, రక్తనాళాలతో సహా లేపి కుట్టే చర్మపు ముక్కను ప్లాస్టిక్ సర్జరీలో ఫ్లాప్ అంటారు. ధమని మూసుకుపోతే ఫ్లాప్ పాలిపోయి చల్లబడుతుంది. సిర మూసుకుపోతే ఉబ్బి ఊదారంగుకు తిరుగుతుంది. సూదితో గుచ్చగానే నల్లటి రక్తం ఉబుకుతుంది. కొన్ని గంటల్లో దారి చూపకపోతే చర్మం చచ్చిపోతుంది. రక్తం లోపలికి రావడం ఎంత ముఖ్యమో బయటికి పోవడమూ అంతే ముఖ్యం.

చెంప చర్మంతో ముక్కు కట్టే పద్ధతి, జలగలతో రక్తం తీయించే పద్ధతి రెండూ సుశ్రుత సంహిత సూత్రస్థానంలో వేర్వేరు అధ్యాయాల్లో ఉన్నాయి. సిర కోయడాన్ని శిష్యులు ముందు చచ్చిన పశువుల సిరల మీద, కలువ తూళ్ల మీద నేర్చుకోవాలన్నదీ ఆ గ్రంథమే.

ఆధునిక ప్రయోగాల్లో 1965 నాటి మెక్‌ఫార్లేన్ బృందం పని ముఖ్యమైనది. ఎలుక వీపు మీద 10 సెం.మీ. పొడవు, 4 సెం.మీ. వెడల్పున ఫ్లాప్ లేపి, ఎంత భాగం చచ్చిపోతుందో కొలిచారు. ఫ్లాప్ బతకడాన్ని పొడవు వెడల్పుల నిష్పత్తి నిర్ణయించదని 1970లో మిల్టన్ పందులపై చూపాడు. ఎలుక చర్మం వదులుగా ఉండి త్వరగా ముడుచుకుంటుంది. పంది చర్మం మనిషిలాగే కిందికి అంటి ఉంటుంది. ఎలుకలో వచ్చిన ఫలితాన్ని నేరుగా రోగికి అన్వయించడం తొందరపాటే.

సిరల అడ్డంకిని విడిగా చూడటానికి ఎలుక పొత్తికడుపు ఫ్లాప్ అనువైనది. నూలుపోగంత సిరను మైక్రోస్కోపు కింద క్లిప్పుతో మూసి, ధమనిని తెరిచే ఉంచుతారు. సిర గుండానే ధమని రక్తాన్ని పంపి ఫ్లాపును బతికించవచ్చా అని 1981లో నకయామా బృందం పరిశీలించింది.

జలగ మాత్రం ముందు రోగుల దగ్గరే వాడుకలోకి వచ్చింది. రక్తం గూడుకట్టిన ఫ్లాపులపై జలగలు వాడి 1960లో స్లొవేనియా సర్జన్లు డెర్గాంట్స్, జ్‌డ్రావిచ్ ప్రకటించారు. ఆళ్లగడ్డ, దొర్నిపాడు వైపు గేదెలు కడిగే రైతులకు జలగ పట్టు తెలిసిందే: ఊడిపోయాక కూడా గాటు నుంచి రక్తం కారుతూనే ఉంటుంది. లాలాజలంలోని హిరుడిన్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. ఫ్లాపుకు మేలు చేసేది జలగ తాగే రక్తం కంటే ఆ కారడమే. జలగ కడుపులోని ఏరోమోనాస్ బాక్టీరియా వల్ల ఇన్ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్ ఇవ్వాలి. 2004లో అమెరికా ఎఫ్‌డీఏ జలగలను వైద్య సాధనంగా అనుమతించింది. విస్కాన్సిన్ పరిశోధకులు యాంత్రిక జలగను తయారుచేసి పందుల ఫ్లాపులపై పరీక్షించారు.

భారతదేశంలో ఇలాంటి ప్రయోగాలు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం పరిధిలోకి వస్తాయి. సంస్థ నైతిక కమిటీ అనుమతి, మత్తు, ఆపరేషన్ తర్వాత నొప్పి నివారణ తప్పనిసరి.