గామా విస్ఫోటాలు, ద్రవ్యశక్తి లెక్క: తెలుగు నేల మీది పరిశోధన చరిత్ర

అనంతపురం పీఠభూమి మీద ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే కురిసిపోతాయి, ఈశాన్య రుతుపవనాలు కోస్తా దాటి వచ్చేసరికి వాటిలో సత్తువ ఉండదు. మబ్బు తక్కువైన ఇలాంటి ఆకాశం కింద నక్షత్రాలు చక్కగా కనబడతాయి గానీ, గామా కిరణాల దగ్గర ఆ లాభం ఏమీ లేదు. నేల మీద ప్రతి చదరపు సెంటీమీటరు మీదా నిలిచిన గాలి దాదాపు కిలో బరువు ఉంటుంది. ఆకాశం నుంచి వచ్చే గామా కిరణానికి అది పది మీటర్ల లోతు నీళ్లు అడ్డం ఉన్నట్టే; అనంతపురం లెక్కలో పద్దెనిమిదేళ్ల వాన. ఆ మందాన్ని దాటి ఏ గామా కిరణమూ నేలకు చేరదు. పై వాతావరణంలోనే గాలి అణువులకు తగిలి చెదిరిపోతుంది. గామా ఆకాశాన్ని నేరుగా చూడదలచినవాళ్లు పరికరాన్ని గాలికి పైన నిలబెట్టాల్సిందే. తెలుగు నేల మీద ఆ పని మొదట హైదరాబాదులో బెలూన్లతోనూ, తర్వాత శ్రీహరికోటలో రాకెట్లతోనూ జరిగింది.

టాటా మౌలిక పరిశోధన సంస్థ 1960లలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం నుంచి బెలూన్లు ఎగరేసేది. 1969లో ఈసీఐఎల్ దగ్గర శాశ్వత కేంద్రం ఏర్పడింది. హైదరాబాదును ఎంచుకోవడానికి కారణం భూ అయస్కాంత క్షేత్రం. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్న చోట్ల ఆ క్షేత్రం తక్కువ శక్తి గల విశ్వకిరణాలను దరిచేరనివ్వదు. సుమారు 17 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల లోపు ప్రోటాన్లు లోపలికి రాలేవు. విశ్వకిరణాలు పరికరంలో పుట్టించే రొద ఆ మేరకు తగ్గుతుంది, బలహీనమైన ఎక్స్, గామా సంకేతాలు తేటగా వినబడతాయి.

వెంట్రుక కన్నా పలచని పాలిథీన్‌తో చేసిన బెలూను హైడ్రోజన్ నింపుకుని నలభై కిలోమీటర్ల దాకా ఎక్కుతుంది. కొన్ని గంటలు తేలాక పరికరాల పెట్టెను తెంపి పారాచూటుతో దింపుతారు. అది ఏ పత్తి చేలోనో, జొన్న చేలోనో వచ్చి వాలుతుంది. పెట్టె దొరికినవాళ్లు దాన్ని విప్పకుండా పోలీసు స్టేషనుకో, పోస్టాఫీసుకో కబురు చేస్తే బహుమతి ఇస్తామని ఎగరేసే రుతువుకు ముందే పత్రికల్లో ప్రకటన వస్తుంది. ఈ శాస్త్రం చాలా ఏళ్లు పల్లెజనం నిజాయితీ మీద కూడా నడిచిందంటే అతిశయోక్తి కాదు. తర్వాతి కాలపు ఉపగ్రహ పరికరాలకు పునాది వేసిన జెనాన్ వాయు ఎక్స్‌రే డిటెక్టర్లు ఈ బెలూన్ల మీదే పరీక్షకు నిలిచాయి.

ఆకాశంలో గామా కిరణాలు హఠాత్తుగా మెరిసే గామా విస్ఫోటాలకు మాత్రం బెలూను చాలదు. అవి ఎప్పుడు, ఏ దిక్కున వస్తాయో తెలియదు. సెకనులో కొంత భాగం నుంచి కొన్ని నిమిషాల దాకా మెరిసి పోతాయి. వీటిని వెతుకుతూ ఎవరూ కనుక్కోలేదు. దొంగచాటు అణుపరీక్షలను పట్టుకునేందుకు అమెరికా ఎగరేసిన వేలా ఉపగ్రహాలు 1967 జులై 2న మొదటిదాన్ని నమోదు చేశాయి. లాస్ అలమోస్‌కు చెందిన రే క్లీబెసాడెల్, ఇయాన్ స్ట్రాంగ్, రాయ్ ఓల్సన్ 1973లో 16 విస్ఫోటాల వివరాలు ప్రకటించేదాకా లోకానికి సంగతి తెలియలేదు. ఆ తర్వాత అంతరిక్షంలోకి పరికరం పంపగల ప్రతి దేశమూ ఈ వేటలో చేయి కలపాలనుకుంది.

భారతదేశపు తొలి ఉపగ్రహం ఆర్యభట 1975 ఏప్రిల్ 19న సోవియట్ నేల నుంచి ఎగిరినప్పుడే ఎక్స్‌రేలకూ, సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రాన్లు, గామా కిరణాలకూ పరికరాలు మోసుకెళ్లింది. కొద్ది రోజులకే కరెంటు సరఫరా దెబ్బతిని ఆ ప్రయోగాలు ఆగిపోయాయి. సొంత నేల నుంచి, సొంత రాకెట్ మీద విస్ఫోటాల డిటెక్టరును పంపే పథకం స్రాస్ ఉపగ్రహాలతో మొదలైంది. అప్పటికి పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్యనున్న శ్రీహరికోట దీవిలో 1971 నుంచి రాకెట్లు ఎగురుతున్నాయి.

స్రాస్‌ను మోసేందుకు తయారైన ఏఎస్‌ఎల్‌వీ 40 టన్నుల బరువు, 24 మీటర్ల ఎత్తు ఉన్న ఘన ఇంధన రాకెట్. 1987 మార్చి 24న పక్క బూస్టర్లు మండి ఆరాక నడిమి మోటారు అంటుకోలేదు. ఉపగ్రహం రాకెట్టుతో పాటు సముద్రంలో పడింది. 1988 జులై 13న రెండో రాకెట్ గాలి ఒత్తిడి ఎక్కువగా ఉన్న దశలో అదుపు తప్పి ముక్కలైంది. గామా డిటెక్టరు రెండుసార్లూ నీటిపాలైంది. పత్రికలు రాకెట్టును ఎగతాళి చేశాయి. దానితో పాటు మునిగిన ఖగోళ పరికరాన్ని తలచినవాళ్లు తక్కువ. మూడోసారి, 1992 మే 20న, స్రాస్-సి కక్ష్యకైతే చేరింది గానీ అనుకున్నంత ఎత్తుకు పోలేదు. పలచని గాలి రాపిడికి రెండు నెలలలోపే కిందికి జారి కాలిపోయింది.

నాలుగోది నిలబడింది. 1994 మే 4న ఎగిరిన స్రాస్-సి2 బరువు 115 కిలోలు. బెంగళూరు ఇస్రో ఉపగ్రహ కేంద్రంలో యు.ఆర్. రావు, కె. కస్తూరి రంగన్ తరం పెంచిన పరిశోధక బృందం తయారుచేసిన దీని డిటెక్టరులో సీజియం అయొడైడ్ స్ఫటికం ఉండేది. 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల నుంచి 3 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దాకా ఉన్న గామా కిరణం తగిలితే స్ఫటికం చిన్న వెలుగు విదిలిస్తుంది, దాన్ని కాంతిని పసిగట్టే గొట్టం విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. లెక్క మామూలు స్థాయిని మించిన క్షణాన జ్ఞాపకకోశం ఆ ముందువెనకల వివరాలన్నీ పట్టి ఉంచి, భూకేంద్రం కనుచూపులోకి రాగానే దింపేస్తుంది. 2001 జులైలో కక్ష్య నుంచి రాలిపోయేదాకా అది పని చేసింది. ప్రపంచ స్థాయిలో చూస్తే చిన్న పరికరమే. కానీ దాని జీవితకాలం సరిగ్గా ఈ శాస్త్రంలో పెద్ద తగవు నడిచిన ఏళ్ల మీద పడింది.

తగవు దూరం గురించి. 1991లో ఎగిరిన కాంప్టన్ అబ్జర్వేటరీ మీది బాట్సీ పరికరం రోజుకు ఒకటి చొప్పున, మొత్తం 2,700 పైచిలుకు విస్ఫోటాలు పట్టింది. అవి పాలపుంత పట్టీ వెంబడి కాకుండా ఆకాశమంతటా సమంగా పరుచుకుని ఉన్నాయి. అంటే చాలా దూరం నుంచి వస్తూ ఉండాలి. 1997లో ఇటలీ, నెదర్లాండ్స్‌ల బెప్పోసాక్స్ ఉపగ్రహం విస్ఫోటం తర్వాత మిగిలే వెలుగును పట్టించింది. ఆ ఏడాది మే 8 నాటి విస్ఫోటపు వెలుగులో, దూరంతో పాటు పెరిగే ఎరుపు విస్థాపన 0.835 అని తేలడంతో అవి వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతలివని రుజువైంది.

దూరం తేలగానే శక్తి లెక్క బెంబేలెత్తించింది. 1999 జనవరి 23న వచ్చిన జీఆర్‌బీ (గామా కిరణ విస్ఫోటం) 990123 దీనికి పరాకాష్ఠ. దాని వెంట పుట్టిన మామూలు కాంతి అంత దూరం నుంచి కూడా చిన్న బైనాక్యులర్స్‌కు అందేంతగా మెరిసింది. అది అన్ని దిక్కులకూ సమానంగా వెలిగిందనుకుని లెక్కవేస్తే, గామా కిరణాల రూపంలోనే దాదాపు ఇద్దరు సూర్యుల మొత్తం ద్రవ్యరాశి మాయమై శక్తిగా మారి ఉండాలి. ద్రవ్యరాశిని కాంతి వేగపు వర్గంతో గుణిస్తే అందులోని శక్తి వస్తుందని ఐన్‌స్టీన్ 1905లో చూపిన సూత్రం ప్రకారం ఒక్క గ్రాము రెండున్నర కోట్ల యూనిట్ల కరెంటుకు సమానం. అయితే ప్రకృతి ఆ ఖాతాను పూర్తిగా ఎన్నడూ విప్పదు. హైడ్రోజన్ హీలియంగా మారేటప్పుడు ద్రవ్యరాశిలో 0.7 శాతమే శక్తి అవుతుంది. వెయ్యి కోట్ల ఏళ్ల జీవితమంతటా సూర్యుడు కరిగించేది తన బరువులో వెయ్యో వంతు కూడా కాదు. అలాంటిది కొన్ని పదుల సెకన్లలో ఇద్దరు సూర్యులు! సూత్రమే తప్పేమో, కొత్త భౌతికశాస్త్రం కావాలేమో అన్న మాట అప్పుడు వినవచ్చింది.

ఇక్కడ రెండు ప్రశ్నలు కలగలిసిపోయాయి. ద్రవ్యరాశి, శక్తి ఒకటేనా అన్నది ఒక ప్రశ్న. ఇంత శక్తి ఎక్కడి నుంచి వచ్చింది అన్నది ఇంకొకటి. విస్ఫోటాలు నిలదీసింది రెండోదాన్నే. దాని జవాబు రేఖాగణితంలో దొరికింది. వెలుగు అన్ని దిక్కులకూ పోదు; కొన్ని డిగ్రీల వెడల్పున్న రెండు ధారలుగా ఎదురెదురు దిక్కులకు చిమ్ముతుంది, అందులో ఒకటి మన వైపు తిరిగినప్పుడే మనకు కనబడుతుంది. 990123 మలివెలుగు రెండు రోజుల తర్వాత ఒక్కసారిగా వేగంగా మసకబారడం ఈ ధారకు ఆనవాలు. 2001లో డేల్ ఫ్రెయిల్, శ్రీనివాస్ కులకర్ణి తదితరులు పలు విస్ఫోటాల కోణాలను లెక్కలోకి తెచ్చి చూస్తే, ఒకదానికొకటి పొంతన లేనట్టు కనబడిన శక్తులన్నీ ఒక గుంపుకు చేరాయి: సూర్యుడి ద్రవ్యశక్తిలో సుమారు మూడున్నర వేలలో ఒక వంతు. ఒక సూపర్‌నోవా విసిరే శక్తి స్థాయి అది.

ఆ కొద్దిపాటి శక్తి వచ్చే దారిలో కూడా సూత్రానికి ఎదురేమీ లేదు. భారీ నక్షత్రం గుండె కూలినా, రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నా మిగిలే కృష్ణబిలంలోకి పదార్థం సుడి తిరుగుతూ పడుతుంది. ఆ పాటులో దాని ద్రవ్యరాశిలో ఆరు శాతం నుంచి, బిలం అతివేగంగా తిరుగుతుంటే నలభై శాతం పైదాకా శక్తిగా బయటపడవచ్చు. అణు సంలీనం దీని ముందు చాలా చిన్నది. పైగా విస్ఫోటం లోపల సూత్రం తలకిందులుగా కూడా నడుస్తుంది: తగినంత శక్తి గల రెండు గామా ఫోటాన్లు ఢీకొంటే ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంట పుడుతుంది, శక్తి ద్రవ్యమవుతుంది. అంత ఇరుకు చోట ఫోటాన్లన్నీ ఇలా జంటలైపోతే వెలుగు బయటికి రానే రాదు. వస్తోందంటే ధార కాంతి వేగానికి ఇంచుమించు సమానమైన వేగంతో మన వైపు దూసుకొస్తూ ఉండాలి. ద్రవ్యశక్తి సూత్రాన్ని నమ్మి లెక్కవేసినందువల్లే ధార వేగం తెలిసింది.

ఆ సూత్రానికి మూలమైన సాపేక్షతా సిద్ధాంతానికి అసలైన పరీక్ష ఇంకో దారిలో జరిగింది. 2009 మే 10 నాటి విస్ఫోటం నుంచి 730 కోట్ల ఏళ్లు ప్రయాణించి వచ్చిన 31 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్, తక్కువ శక్తి గల తోటి ఫోటాన్లు వచ్చిన సెకనులోపే అంతరిక్షంలోని ఫెర్మీ టెలిస్కోపుకు తగిలింది. శక్తిని బట్టి కాంతి వేగం మారుతుందన్న ఊహలకు అది గట్టి దెబ్బ.

శ్రీహరికోట కథ 2015 సెప్టెంబర్ 28న మళ్లీ అందుకుంది. ఆ ఉదయం పీఎస్‌ఎల్‌వీ-సి30 మోసుకెళ్లిన ఆస్ట్రోశాట్ 650 కిలోమీటర్ల ఎత్తున, మధ్యరేఖకు ఆరు డిగ్రీల వాలులో తిరుగుతుంది. అనంతపురం నడినెత్తి మీదికి అది ఎన్నడూ రాదు, దక్షిణపు దిక్కున మాత్రమే దాటిపోతుంది. బెలూన్ల నాటి జెనాన్ డిటెక్టర్ల వారసులు ఇందులో ఉన్నాయి. విస్ఫోటాలు పట్టేది మాత్రం కాడ్మియం జింక్ టెల్యూరైడ్ పలకలతో చేసిన సీజెడ్‌టీఐ. అక్టోబర్ 6న దాన్ని తెరిచిన రోజే ఒక విస్ఫోటం చిక్కింది. పరికరం చూస్తున్న దిక్కుకు అరవై డిగ్రీలు పక్కగా వచ్చిందది. వంద కిలో ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన కిరణాలు దాని పక్క గోడలను చీల్చుకునే రాగలవు, అందుకే నడినెత్తిన లేని విస్ఫోటాలూ దొరుకుతాయి. 2017 జనవరిలో ఒక గురుత్వ తరంగానికి జోడీ అని కొందరు భావించిన మలివెలుగు నిజానికి మర్నాటి వేరే విస్ఫోటానిదని తేల్చడంలో ఈ పరికరం సాక్ష్యం పనికొచ్చింది.

2022 అక్టోబర్ 9న ఇప్పటిదాకా చూసినవాటిలో అన్నిటికన్నా మెరుపైన జీఆర్‌బీ 221009A వచ్చింది. సుమారు 200 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చిన దాన్ని ఐదేళ్ల ఆయుష్షుతో పంపిన ఆస్ట్రోశాట్ ఏడో ఏడు దాటాక కూడా నమోదు చేసింది. అన్ని దిక్కులకూ పోయిందనుకుంటే ఐదుగురు సూర్యుల ద్రవ్యశక్తిని మించే విస్ఫోటం అది. చైనాలోని లాసో అబ్జర్వేటరీ చూసిన అత్యధిక శక్తి కిరణాల మసకబారు తీరును బట్టి దాని ధార నడుమ భాగపు సగం కోణం 0.8 డిగ్రీలు. ఆ కోణం వేసి లెక్కిస్తే ఆ ఐదుగురు సూర్యుల్లో పదివేలలో ఒక వంతే ఖర్చయింది.