బూర్గుల రామకృష్ణారావు: వకీలు, గవర్నరు

పాలమూరు జిల్లా పడకల్ గ్రామంలో 1899లో జన్మించిన బూర్గుల రామకృష్ణారావు ఉర్దూ, ఫార్సీ భాషలలో పండితుడు. నిజాం కాలంలో న్యాయస్థానాల భాష ఉర్దూ కావడం వలన హైదరాబాదులో వకాలతు చేసిన ఆయనకు ఆ విద్య అక్కరకు వచ్చింది. 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. 1956లో ఆ రాష్ట్రం మూడు భాగాలై పొరుగు రాష్ట్రాలలో కలిసిపోగా, ఆయన కేరళ గవర్నరుగా నియమితులైనారు.

1957లో నంబూద్రిపాద్ ప్రభుత్వం ప్రైవేటు పాఠశాలలపై అదుపు పెంచే విద్యా బిల్లును శాసనసభలో నెగ్గించుకున్నది. అల్పసంఖ్యాకులు, ముఖ్యంగా క్రైస్తవులు, ఆందోళన చెందారు. గవర్నరు బిల్లుకు ఆమోదం తెలుపక రాష్ట్రపతి పరిశీలనకు పంపారు; రాష్ట్రపతి సుప్రీంకోర్టు అభిప్రాయం కోరారు. 1958 మే నెలలో వెలువడిన ఆ అభిప్రాయం ముస్లిం విద్యాసంస్థలకు కూడా అండ అయింది. సహాయధనం ఇస్తున్నామనే పేరుతో, 30వ అధికరణం ఇచ్చిన హక్కును వదులుకోమని అల్పసంఖ్యాకులను ప్రభుత్వం కోరరాదు. అయితే దుర్నిర్వహణకు ఆ హక్కు ముసుగు కాజాలదు.

కాని మరుసటి సంవత్సరం సంగతి వేరు. పెద్ద ఆందోళన నడుమ ఆయన కేంద్రానికి నివేదిక పంపారు. శాసనసభలో మెజారిటీ ఉన్న ఆ ప్రభుత్వాన్నే 1959 జూలై 31న కేంద్రం తొలగించింది. మెజారిటీని సభలోనే తేల్చాలని సుప్రీంకోర్టు 1994లో బొమ్మై కేసులో స్పష్టం చేసింది.

1960 నుండి 1962 వరకు ఉత్తరప్రదేశ్ గవర్నరుగా ఉండి, 1967లో ఆయన కన్నుమూశారు. బిల్లు విషయంలో తుది మాట న్యాయస్థానానికి దక్కింది; ప్రభుత్వం విషయంలో సభకు ఆ అవకాశమే దక్కలేదు. ఈ రెండింటినీ కలిపి చూసినప్పుడే ఆయన గవర్నరుగిరీని న్యాయంగా తూచగలము.