సార్‌తో పరుగు

జంషెడ్‌పూర్‌లో ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. రోడ్డు మీద రెండు జతల బూట్ల చప్పుడు. ముందు తండ్రి, వెనక పదిహేడేళ్ల కొడుకు. ఇల్లు దగ్గరపడుతుండగా తండ్రి వేగం పెంచుతాడు. పందెమన్నమాట. కుర్రాడు పళ్లు బిగించి పరిగెడతాడు, అయినా అందుకోలేడు. ఒగరుస్తూ నడుం వంచి నిలబడతాడు. గెలిచిన తండ్రి ముఖంలో నవ్వుంది గానీ అందులో మురిపెం లేదు.

మనం నిలబడ్డది 2010లో విక్రమాదిత్య మోత్వానే తీసిన హిందీ సినిమా 'ఉడాన్'లో. ఉడాన్ అంటే ఎగరడం. సినిమా నిండా పరుగే.

లోపలికి రండి. ఈ ఇంట్లో నాన్న అనే మాట వినబడదు. 'సార్' అనాలి. మన ఇళ్లలో 'నాన్నగారూ' అన్న పిలుపులో ఎంత భయమున్నా దాని పక్కనే కాస్త చనువు కూడా ఉంటుంది. సార్‌లో అదీ లేదు. సిమ్లాలో బోర్డింగ్ స్కూల్లో ఉన్న ఎనిమిదేళ్లూ కొడుకు రోహన్‌ని చూడటానికి ఈయన ఒక్కసారి కూడా వెళ్లలేదు. ముగ్గురు స్నేహితులతో కలిసి చూడకూడని సినిమాకు వెళ్లి దొరికిపోయాక, స్కూలు వాళ్లు పంపించేస్తే రోహన్ ఇల్లు చేరాడు. వచ్చాకే తెలిసింది, తనకో ఆరేళ్ల తమ్ముడున్నాడని. పేరు అర్జున్.

రోహన్‌కి రాయడమంటే ప్రాణం. తండ్రి భైరవ్ సింగ్ వేరే లెక్క వేశాడు: ఒక పూట తన ఉక్కు కార్ఖానాలో పని, ఇంకో పూట ఇంజనీరింగ్ కాలేజీ. ఆ తండ్రిగా నటించింది రోనిత్ రాయ్. గొంతు పెంచినప్పటికంటే తగ్గించినప్పుడే ఆయనంటే మనకు ఎక్కువ భయం. భోజనాల బల్ల దగ్గర మనమూ చప్పుడు కాకుండా తింటున్నట్టుంటుంది.

ఇప్పుడు ఆస్పత్రికి వెళదాం. మంచం మీద అర్జున్. మెట్ల మీంచి పడ్డాడని తండ్రి చెప్పాడు. వాడి వీపు చూస్తే బెల్టు వాతలు. రోహన్ నోట మాట రాదు. మనకూ రాదు. తర్వాత, తండ్రి ఊళ్లో లేని రోజుల్లో, అన్న తమ్ముడి పక్కన కూర్చుని కథ చెప్పడం మొదలుపెడతాడు. పక్క మంచం రోగి ఇటు తిరుగుతాడు. నర్సు ఆగుతుంది. డాక్టరూ ఆగుతాడు. కాసేపటికి కథ చుట్టూ చిన్న సభ కూడుతుంది. కొట్టి నోరు మూయించే ఇంటికి జవాబు నాకు ఇక్కడే కనిపించింది, ఆ తర్వాత తండ్రీకొడుకుల మధ్య వచ్చే దెబ్బలాటలో కాదు. రోహన్‌గా నటించిన రజత్ బర్మేచా కళ్లలో మొదటిసారి వెలుగు చూస్తాం. ఆ వయసులో ఎవరో నలుగురు చెవి ఒగ్గి వినడం ఎంత పెద్ద సంగతో, ఎప్పుడైనా ఓ కాగితం మీద నాలుగు ముక్కలు రాసి దాచుకున్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

2010లో కాన్ సినిమా పండుగలో, 'అన్ సర్టెన్ రిగార్డ్' విభాగంలో ఈ సినిమాను వేశారు. మోత్వానే స్క్రిప్టు పట్టుకుని ఏళ్ల తరబడి తిరిగాక అనురాగ్ కశ్యప్ నిర్మాతగా నిలబడ్డాడు.

ఆ దెబ్బలాట తర్వాత మళ్లీ రోడ్డు మీదికి. ఈసారి తండ్రి వెనక, కొడుకు ముందు. ఇది పందెం కాదు, తరుముతున్నాడు. రోజూ పొద్దున్నే తానే నేర్పిన పరుగు ఇవాళ ఆయనకు అందడం లేదు. ఊపిరాడక ఆగిపోయింది ఆయనే.

కానీ రోహన్ ఒంటరిగా పారిపోలేదు. తెల్లారి ఇంటికి తిరిగొచ్చాడు. పద్దెనిమిదో పుట్టినరోజుకు తండ్రి ఇచ్చిన వాచీని, అదే వయసులో ఆయనకు ఆయన తండ్రి ఇచ్చినదాన్ని, ఓ ఉత్తరంతో పాటు అక్కడే వదిలేశాడు. తమ్ముణ్ని తీసుకుని బయటపడ్డాడు. స్కూలు స్నేహితులున్న బొంబాయి వైపు ప్రయాణం.

ఆ ఇద్దరి వెనకే మనమూ నడుస్తున్నాం. రోహన్ ఇప్పుడు పరిగెత్తడం లేదు. తన అడుగు తగ్గించి, ఆరేళ్ల పిల్లాడి అడుగుకు కలుపుతున్నాడు.