అట్జే పారిస్ ఛాయాచిత్రాలు

పారిస్ నగరంలోని మామూలు కట్టడాలను యూజీన్ అట్జే (1857–1927) సుమారు మూడు దశాబ్దాలపాటు ఫొటోలు తీశాడు. 19వ శతాబ్దంలో ప్రభుత్వాధికారి ఓస్మాన్ చేపట్టిన నగర పునర్నిర్మాణంలో పాత వీధులు అనేకం కనుమరుగయ్యాయి. మిగిలినవాటిని నమోదు చేయడమే అట్జే వృత్తి. ఇరుకు సందులు, ఇళ్ల లోపలి ప్రాంగణాలు, మెట్ల పక్క ఇనుప కమ్మీల అల్లికలు, దుకాణాల బోర్డులు ఆయన ప్రధాన వస్తువులు.

చెక్క కెమెరాను స్టాండుపై నిలిపి, 18×24 సెంటీమీటర్ల గాజు పలకలపై చిత్రాలు తీసేవాడు. ఎత్తైన గోడలు వాలినట్లు పడకుండా కెమెరాను వంచక లెన్సును మాత్రమే పైకి జరిపేవాడు. అందుకే కొన్ని చిత్రాల్లో పై మూలలు నల్లబడ్డాయి. ఎక్స్‌పోజర్ సమయం ఎక్కువ కావడంతో దారిన పోయేవారు మసక నీడలుగా మిగిలారు.

ఈ ఫొటోలను చిత్రకారులు, మ్యూజియంలు, గ్రంథాలయాలు కొనేవి. 1920లో ఆయన 2,600కు పైగా నెగెటివ్‌లను ఫ్రెంచి ప్రభుత్వానికి అమ్మాడు. మరణానంతరం మిగిలిన సేకరణను అమెరికన్ ఛాయాగ్రాహకురాలు బెరెనిస్ ఆబట్ కాపాడింది. 1968లో అది న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియానికి చేరింది. ఆబట్ కూడా మారుతున్న న్యూయార్క్ కట్టడాలను చిత్రీకరించి 1939లో పుస్తకంగా వెలువరించింది. సాదాసీదా గోడలూ గుమ్మాలూ నగర చరిత్రకు విలువైన సాక్ష్యాలని వీరిద్దరి కృషి నిరూపించింది.