టి.యు.-142 విమానము (విశాఖపట్టణము)

సోవియట్ దేశమున టుపొలేవ్ సంస్థ, తన టి.యు.-95 బాంబరు విమానమును ఆధారముగాఁ గొని, సముద్రగర్భమున సంచరించు జలాంతర్గాములను వెదకి వెంటాడుటకై నిర్మించిన దీర్ఘయాన విమానము. సుమారు 50 మీటర్ల విస్తృతి గల దీని రెక్కలకు నాలుగు టర్బోప్రాప్ ఇంజనులు కలవు. ఒక్కొక్క ఇంజనునకు పరస్పర విరుద్ధదిశలలో తిరుగు జంట పంఖములుండుట దీని విశేషలక్షణము.

1988లో భారత నౌకాదళమునఁ బ్రవేశించి, మొదట గోవాలోను, 1992 నుండి తమిళనాటి అరక్కోణములోను నెలకొన్న ఎనిమిది విమానముల ఈ సముదాయము, 29 సంవత్సరములు హిందూమహాసముద్రమునకుఁ గావలి కాచి, సుమారు 30,000 గంటలు ప్రమాదరహితముగా నెగిరి, 2017 మార్చి 29న విరమించినది.

వానిలో నొకటి, విశాఖపట్టణమున 2002లో వెలసిన కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాలకు ఎదుట, 2017 డిసెంబరులో ప్రదర్శనశాలగా ఆవిష్కృతమైనది. సముద్రమున జారవిడిచి జలాంతర్గాముల సడిని ఆలకించు సోనోబాయ్‌లు మొదలగు ఉపకరణములను సందర్శకులిచటఁ జూడవచ్చును. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు బాంబులు గురిపించిన ఈ నగరముననే, వేఁటాడుటకుఁ బుట్టిన విమానమును, వేఁటకు లక్ష్యమగు జాతికిఁ జెందిన జలాంతర్గామియు ఒకే వీథికి ఇరువైపుల ప్రశాంతముగా నిలిచియుండుట విశేషము.