పుకార్ల రిజిస్టరు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని కార్యదర్శిగారు కోరినారు. రాజుల చరిత్ర, కోటల చరిత్ర వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను గుమస్తాగా బ్రతికినవాడిని గనుక ఒక రిజిస్టరు చరిత్ర వ్రాస్తాను.

ఇది గుర్తుకు రావడానికి ఒక కారణం ఉంది. 2025 నవంబరులో గుజరాత్ ఉగ్రవాద నిరోధక దళం వారు హైదరాబాదుకు చెందిన ఒక వైద్యుని అరెస్టు చేసి, ఆముదపు గింజల నుండి రైసిన్ అనే విషం తయారు చేసే ప్రయత్నంలో ఉన్నాడని అభియోగం మోపారు. అది అభియోగం మాత్రమే. నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానం. కాని వార్త వచ్చిన రెండు రోజులకే మా మిత్రుడొకడు ఫోను చేసి, "అన్నా, ఇంట్లో ఆముదం సీసా ఉంది. ముట్టుకుంటేనే ప్రాణం పోతుందని మనుమడి ఫోనులో వచ్చిందట. పారబోయమంటావా?" అని అడిగాడు. నేను బదులు చెప్పేలోపే వాళ్ళింటావిడ సీసా తీసుకుపోయి మోరీలో పోసేసింది.

సాగర్ ఎడమ కాలువ నీళ్ళు రాకముందు మా మఠంపల్లి చుట్టుపక్కల చెలకల్లో ఆముదాలు పండించేవారు. నల్లగొండ జిల్లా ఆ పంటకు పేరు పొందినదే. ఆముదం దీపం వెలుగులో చదివినవాళ్ళం, నెలకొకసారి ముక్కు మూసుకుని ఆముదం తాగినవాళ్ళం. గింజ మాత్రం కొరకవద్దని మా నాయనమ్మ కర్ర పట్టుకుని చెప్పేది. ఆమె చెప్పినదే శాస్త్రమూ చెబుతున్నది. రైసిన్ గింజలో ఉండే ఒక మాంసకృత్తు. నూనె తీసినప్పుడు అది చెక్కలో ఉండిపోతుంది, నూనెలోకి రాదు. అందుకే ఆ చెక్కను పొలానికి ఎరువుగా వేస్తారు గాని పశువులకు పెట్టరు. రైసిన్ సూక్ష్మజీవి కాదు గనుక ఒకరి నుండి ఒకరికి అంటుకోదు. అయితే దానికి విరుగుడు మందు మన దవాఖానల్లో మామూలుగా దొరకదు. పిల్లలెవరైనా గింజలు నమిలితే ఆలస్యం చేయకుండా దవాఖానకు తీసుకుపోవాలి. 1978లో లండన్ నగరంలో బల్గేరియా రచయిత జార్జి మార్కోవ్‌ను చంపడానికి వాడినది ఈ విషమేనని చెబుతారు. ఇంతవరకు తెలుసుకుంటే జాగ్రత్తపడడానికి చాలు, ఆముదం సీసాకు భయపడనక్కర లేదు.

ఇంతకూ రిజిస్టరు సంగతి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దేశంలో మశూచి నిర్మూలన ఉద్యమం సాగుతున్నది. 1974లో ఒక్క మన దేశంలోనే 1,88,000 మందికి మశూచి సోకినట్లు లెక్కకు వచ్చింది. అందులో అధికభాగం బీహారు మొదలైన ఉత్తరాది రాష్ట్రాలదే అయినా వెతుకులాట దేశమంతటా జరిగింది. టీకామందు తయారు చేసిన నాలుగు సంస్థలలో మన హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఒకటి. ఆరోగ్య కార్యకర్తలు మశూచి సోకిన పిల్లవాడి బొమ్మ ఉన్న కార్డు చేతబట్టుకుని ఇంటింటికీ తిరిగి, "ఇటువంటి పొక్కులు ఎవరికైనా చూశారా?" అని అడిగేవారు. ముందుగా కబురు చెప్పినవారికి బహుమానం ఇచ్చేవారు. 1975 నాటికి అది 1,000 రూపాయలకు పెరిగింది. ఆనాటి నా నెల జీతం కంటె అది ఎక్కువ.

ఆ పనిలో గ్రామాల జాబితాలు వ్రాసి ఇచ్చే బాధ్యత నామీద పడింది. అప్పుడే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక పుస్తకం చూశాను. దాని పేరే పుకార్ల రిజిస్టరు. ఎవరో ఒకరు ఫలానా ఊరిలో అమ్మవారు పోసిందట అంటే ఆ మాటను ఎగతాళి చేసేవారు కాదు, నమ్మేసేవారూ కాదు. తేదీ, ఊరు, ఎవరు చెప్పారు అన్నవి వ్రాసుకుని, మనిషిని పంపి, రోగిని కళ్ళారా చూసి, చివరి గడిలో తేలినదేమిటో వ్రాసేవారు. చాలా కబుర్లు ఆటలమ్మగానో, తట్టుగానో, గజ్జిగానో తేలిపోయేవి. అలా తేలిపోయినవి కూడా పుస్తకంలో ఉండేవి. ఆ శ్రమ ఫలితంగానే 1975 మే 24 నాటి కేసు దేశంలో చివరిదయింది. 1977 ఏప్రిల్‌లో అంతర్జాతీయ సంఘం ఆ సంగతి ధ్రువీకరించింది. 1980 మే 8న ప్రపంచమంతటా మశూచి పోయిందని ప్రకటన వెలువడింది.

ఇంత చూసినవాడిని నేను 1994లో ఏం చేశానో చెప్పుకోవాలి. ఆ ఏడు ఆగస్టులో మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో, సెప్టెంబరు మూడవ వారంలో సూరత్‌లో ప్లేగు బయటపడింది. లక్షల మంది సూరత్ విడిచి పారిపోయారు. దేశమంతటా దుకాణాలలో టెట్రాసైక్లిన్ బిళ్ళలు మాయమైనాయి. కొన్ని దేశాలు మన విమానాలను రానివ్వలేదు. ఇదంతా విదేశీయుల కుట్ర అన్న మాటలూ పుట్టాయి. నిజం గడప దాటేలోగా అబద్ధం ఊరంతా తిరిగొస్తుందని మన పెద్దలు ఊరికే అనలేదు.

సూరత్ మగ్గాల మీద మన తెలంగాణ నేతన్నలు వేల సంఖ్యలో బ్రతుకుతున్న సంగతి మీకు తెలిసినదే. మా ఊరి కుటుంబం ఒకటి పిల్లాపాపలతో తిరిగి వచ్చింది. వాడకట్టువారు వాళ్ళను బోరింగు దగ్గరకు రానివ్వలేదు. సెలవుకు ఊరికి పోయిన నన్ను పెద్దమనుషులు అడిగారు. "నువ్వు సర్కారు నౌకరీ చేసేటోనివి, చదువుకున్నోనివి. ఏమంటవు?" నేను, "ఎందుకైనా మంచిది, పండుగ దాకా దూరంగానే ఉంచండి" అన్నాను. అవి బతుకమ్మ రోజులు. ఆ ఇంటి ఆడపిల్ల, ఎనిమిదేండ్లుంటాయేమో, తంగేడు పూలతో చిన్న బతుకమ్మ పేర్చుకుని గడపలోనే నిలబడి ఆటను చూసింది. పిలిచినవారు లేరు.

మరునాడు ఆరోగ్య కేంద్రం డాక్టరుగారు వచ్చారు. వాళ్ళను ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "సూరత్‌లో ఏ రోజు రైలెక్కారు?" ఇంటాయన జేబులోంచి నలిగిన టికెట్టు తీసి చూపించాడు. సెప్టెంబరు 24. ఆనాటికి అక్టోబరు 9. ప్లేగు క్రిములు ఒంట్లో చేరితే ఏడు రోజులలోపే జబ్బు బయటపడుతుందట. ఎవరికీ జ్వరం లేదు, బిళ్ళలు కట్టలేదు. "వీళ్ళ వల్ల ఎవరికీ భయం లేదు, వారం కిందటే లేదు" అని ఆయన వ్రాసి ఇచ్చారు. జీవితమంతా తేదీలు వ్రాసి జీతం తీసుకున్నవాడిని, అడగవలసిన ఒక్క తేదీ నేను అడగలేదు.

ఆ ప్లేగులో దేశం మొత్తం మీద చనిపోయినవారు యాభై మందికి పైగా. భయంతో చెదిరినవారు లక్షలు. రోగం ఏదో తేల్చే పరీక్షల మీదనే ఏండ్ల తరబడి వాదోపవాదాలు జరిగి, తరువాత జన్యు పరీక్షలలో అది ప్లేగు క్రిమియేనని నిర్ధారణ అయింది. సూరత్‌ను మాత్రం 1995లో కమిషనరుగా వచ్చిన మన తెలుగు అధికారి సూర్యదేవర రామచంద్రరావుగారు చెత్త ఎత్తించి, మోరీలు బాగు చేయించి దేశానికే ఆదర్శం చేశారు.

ఇక బుద్ధిపూర్వకంగా రోగం చల్లే సంగతి. 2001లో అమెరికాలో ఆంత్రాక్స్ పొడి నింపిన ఉత్తరాలు టపాలో వచ్చి 22 మందికి జబ్బు చేసింది, వారిలో అయిదుగురు మరణించారు. దానిని మొదట పసిగట్టినది పోలీసులు కారు. ఫ్లోరిడాలో లారీ బుష్ అనే వైద్యుడు ఒక రోగి వెన్ను నుండి తీసిన నీటిలో అనుమానించదగిన క్రిమిని చూసి వెంటనే ఆరోగ్య శాఖకు కబురు చేశాడు. ఆ క్రిమే మన గొర్రెలకు వచ్చే దొమ్మ రోగం క్రిమి. 2021 అక్టోబరులో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలో గొర్రెలు చనిపోయినప్పుడు పశువైద్యులు పరీక్ష చేయించి తేల్చినదీ ఆ రోగమే. శత్రువు చల్లినా, మట్టిలోంచి తానే లేచినా మొదటి కబురు ఒకే తీరుగా వస్తుంది. దానిని వ్రాసుకునేవారు, పరీక్షించేవారు సిద్ధంగా ఉన్నారా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఇల్లు కాలిన తరువాత బావి తవ్వరాదని మన ప్రభుత్వాలు కొంత నేర్చుకున్నాయి. 2004 నవంబరులో సమీకృత వ్యాధి నిఘా పథకం మొదలయింది. మొదటి విడతలోనే అప్పటి మన ఆంధ్రప్రదేశ్ చేరింది. ఊరిలో నర్సమ్మ అనుమానించినది ఒక ఫారం, డాక్టరు భావించినది రెండవ ఫారం, ప్రయోగశాల నిర్ధారించినది మూడవ ఫారం. మొదట్లో వారం వారం ఇవి జిల్లాకు చేరవలసి ఉండేది. 2008లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ జీవ విపత్తులపై మార్గదర్శకాలు వెలువరించింది. చూడగా ఇదంతా ఆ పుకార్ల రిజిస్టరు సంతానమే.

కాని 2020 ఏప్రిల్‌లో సూర్యాపేట మార్కెట్ ప్రాంతంలో కరోనా కేసులు వరుసగా బయటపడినప్పుడు మనం మళ్ళీ పాత దారే తొక్కాం. పుస్తకం సర్కారు దగ్గర ఉంటే చాలదు, మన ఇంట్లోనూ ఒకటి ఉండాలి. కబురు రాగానే నాలుగు మాటలు అడగండి. ఎవరు చూశారు? ఏ తేదీన? ఎక్కడ పరీక్ష చేశారు? ఏమని తేలింది? జవాబు లేకపోతే ఆ కబురును ఇంకొకరికి పంపవద్దు, ఆరోగ్య కేంద్రంలో చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం, భారత వైద్య పరిశోధన మండలి చెప్పే మాటలు మనుమలు, మనుమరాండ్ర చేత ఫోనులోనే చదివించుకోవచ్చు. వారు కూడా తెలియనిది తెలియదని అంటారు, కొత్తది తెలిసినప్పుడు మాట మార్చుకుంటారు. అది లోపమని అనుకోకండి. చివరి గడి నిండేదాకా పెన్సిలుతో వ్రాయడం మన ఆఫీసుల్లోనూ ఉన్న పద్ధతే కదా.

ఆ నేత కుటుంబం పండుగ వెళ్ళిన నెలకు మళ్ళీ సూరత్ వెళ్ళిపోయింది. వారికి నేను క్షమాపణ చెప్పలేదు. ఏటా బతుకమ్మ నాడు ఆ గడప గుర్తుకు వస్తుంది. ఆ లెక్క నా పుస్తకంలో ఇప్పటికీ పరిష్కారం కానిదిగానే ఉన్నది. మీ పుస్తకంలో అటువంటిది చేరకుండా చూసుకోండి. సెలవు.