బొల్లావు, బొల్లికోడి, మా మేనత్త

మా దొడ్లో రెండు ఆవులుండేవి. ఒకటి ఎర్రావు. రెండోది బొల్లావు, నుదుటి నుంచి ముట్టె దాకా సున్నం పూసినట్టుండేది. తాతయ్య "బొల్లీ" అంటే చాలు, కుడితి తొట్టిలోంచి తల ఎత్తేది. కొల్లేటి గట్టు వాళ్లం కదా, బొల్లికోడీ తెలుసు మాకు: ఒళ్లంతా కారునలుపు, నుదుట ఒక్క తెల్లబిళ్ల. తుళువాళ్లకైతే బొల్లి అంటే వెండే.

అంత చక్కని మాట, మా మేనత్త చేతి మీదికి వచ్చేసరికి ఇంట్లో ఎవరి నోటా పలకలేదు. 'మచ్చ' అన్నారు, 'అది' అన్నారు. ఊరు మాత్రం 'తెల్లకుష్ఠు' అంది. వచ్చిన సంబంధం ఆ మాటకే వెనక్కి పోయింది.

"చేపల పులుసు తిన్న పూట పాలు తాగావుటే?" అని నాయనమ్మ నిలదీసింది. ఆ అనుమానం ఆవిడ సొంతం కాదు. అథర్వవేదం మొదటి కాండలో ఈ మచ్చ పేరు కిలాసం. అక్కడ రాత్రి పుట్టిన నల్లమూలికను ఒంటికి రంగు తెచ్చిపెట్టమని వేడుకుంటారు, అంతే. చరకుడి దగ్గరికొచ్చేసరికి కారణాల పట్టీ తయారైంది: అబద్ధాలు, కృతఘ్నత, దేవతానింద, గురువును అవమానించడం, పూర్వజన్మ పాపం, వాటి సరసన విరుద్ధాహారం. బట్టలు దొంగిలిస్తే వస్తుందన్నాడు మనువు. పిల్లను తెచ్చుకోకూడని ఇళ్లలో శ్విత్రం, అంటే బొల్లి, ఉన్నవాళ్లనీ కుష్ఠు ఉన్నవాళ్లనీ విడివిడిగానే చెప్పాడు. మనవాళ్లు ఆ పాటి తేడా కూడా మిగల్చలేదు. కుష్ఠుకు క్రిమి ఉందని హాన్సెన్ అనే వైద్యుడు 1873లోనే కనిపెట్టాడు. బొల్లికి క్రిమే లేదు. చర్మానికి రంగునిచ్చే కణాలను ఒంట్లోని రక్షణ వ్యవస్థే చంపుకుంటుంది. ముట్టుకుంటే అంటదు.

నాటువైద్యుడు బావంచాలు ఇచ్చాడు. నల్లగా, మూత్రపిండం ఆకారంలో, కందిగింజలో సగం కూడా ఉండని గింజలు. గోమూత్రంలో నూరి, మచ్చకు పట్టించి, ఎండలో కూర్చోమన్నాడు. అత్త అరుగు మీద చెయ్యి చాపుకుని కూర్చునేది. నాలుగో రోజుకు చెయ్యంతా బొబ్బలు. మందు తప్పని నేననను. ఆ గింజలో ఉండే సోరాలెన్ చర్మానికి ఎండ సోకే గుణం పెంచుతుంది. అలాంటి పదార్థాలే ఉన్న నైలు తీరపు మొక్కతో ఈజిప్టు వైద్యుడు ఎల్ మోఫ్తీ చేసిన చికిత్స 1948లో అచ్చయింది. 1974లో సోరాలెన్‌కు అతినీలలోహిత కాంతిని కొలిచి జోడించే పద్ధతి వచ్చింది. మా అరుగు మీద ఎండను కొలిచేవాళ్లెవరు?

ఆ ఏడే బొల్లావు ఈనింది. దూడ నుదుటా అదే తెలుపు. చూడొచ్చినవాళ్లంతా "ఎంత కళగా ఉందో" అన్నారు. ఇంటింటికీ జున్నుపాలు ఇచ్చి రావడానికి ఎప్పుడూ అత్తే వెళ్లేది. ఆసారి గిన్నె నా చేతికిచ్చారు.